నిమ్ము

మొన్న వనపర్తిలో నేనుండే ఇంటికి రంగులేసే మనిషి వచ్చి, గోడ అడుగున ఉబ్బిన పెచ్చులు గీకి, డబ్బా మూత తీసి ఏదో తెల్లటి మందు పూస్తుంటే, దాని ఘాటు కిందినుంచి పాత తడిమట్టి వాసన సన్నగా లేచి నన్ను గద్వాలలో మా మగ్గం గదికి తీసుకుపోయింది.

ఎనభైల్లో మా గోడకు నిమ్ము కప్పుదాకా ఎక్కేదని, ముసురులో దానిమీద చేపలు పాకేవని మనవలకు చెబుతుంటాను. అబద్ధం. నా నడుము దాకా ఎక్కేది, అప్పటికి నేను పొట్టివాణ్ని కూడా. చేపలు లేవు గాని, ఎండాకాలం గోడమీద తెల్లగా ఉప్పు పూసేది, దాన్ని వేలితో గీకి నాలుకకు రాసుకునేవాళ్లం. వానాకాలం వస్తే తొలి ఏకాదశికి అవ్వ దంచిన పేలపిండి డబ్బాలోనే ముద్ద కట్టేది, దండెం మీది బట్టలు ఆరక పుల్లవాసన కొట్టేవి, నాయిన మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని గోడ పక్కనే నేస్తూ ఉండేవాడు. ఆ తడికి జరీ నల్లబడుతోందని అమ్మ పోరేది. మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఒప్పుకునేది కాదు.

"నూలుకు చెమ్మ తల్లిపాల లెక్కనే పిల్లా, ఎండితె పోగు తెగుతది. నువ్వు కట్టుకున్నది నా కొడుకునా, గోడనా?"

అట్లా ఆ గోడ మాతోపాటే బతికింది, అక్క తొలి కాన్పుకు వచ్చేదాకా. వేరే గది లేక బాలింతను మగ్గం గదిలోనే పడుకోబెట్టారు. ఆ ముసురులో పసిగుడ్డుకు దగ్గు ముదిరి దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు ఛాతీమీద గొట్టం ఆనించి "నిమ్ము చేరింది" అన్నాడు. ఛాతీ జబ్బుకూ గోడలో తడికీ మనకు ఒకటే మాట. నాయిన ఆ మాటను ఎట్లా విన్నాడో, బిడ్డను పాతిపెట్టి వచ్చిన సాయంత్రం తెలిసింది: కాళ్లు కడుక్కోకుండానే గదిలోకి పోయి, గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎవరూ ఏడవలేదు. అవ్వ పొయ్యి రాజేసింది. నేను మారు అన్నం పెట్టించుకుని తిన్నాను.

ఏడాది తిరిగేసరికి అక్కకు మళ్లీ నెల తప్పింది. ఈ కాన్పుకైనా గది ఆరాలని నాయిన మేస్త్రిని పిలిచి, ఆ మట్టిగోడకు నడుమెత్తు సిమెంటు పూయించాడు. వానలొచ్చాక తడి సిమెంటు వెనకనుంచే పాకి, దానికి పైన, నా తల ఎత్తున బయటపడింది. ఈసారి ఎక్కువ చెప్పడం లేదు. మేస్త్రి మళ్లీ వచ్చి గోడను వదిలి గుంటలోకి చూశాడు.

"గుంటనే నీళ్లు గుంజుతున్నది మామా. పూడిస్తె ఆరుతది."

"పూడిస్తె నేను కాళ్లు యాడ పెట్టాలె?"

"గోడ సంగతి అడిగినవ్, చెప్పిన. కాళ్ల సంగతి నాకేం తెల్సు?"

నాయిన నవ్వాడు కూడా. నేస్తున్న చీర అయిపోయాక మగ్గం విప్పి, కర్రలు వాకిట్లో పేర్చి, తట్టలతో ఎర్రమట్టి మోసి గుంట పూడ్చాడు. అవ్వ గడపమీద కూర్చుని నూలు కండెలు చుడుతూనే ఉంది, అవి పెట్టే మగ్గం లేకపోయినా. నాయిన రోజూ పొద్దున లేవగానే గోడకు చెయ్యి ఆనించి చూసేవాడు.

నెలలు నిండుతున్నాయని అక్కను తెచ్చుకోవడానికి ఆమె అత్తగారి ఊరు గట్టుకు పోయాం, నేనూ వెంట ఉన్నాను. అక్క అత్త గడపలోనే చెప్పేసింది.

"ఆ నిమ్ము ఇంటికి పంపం అన్నా. కాన్పు ఈడనే."

"గుంట పూడ్చిన చెల్లె. గోడ ఆరింది."

"మంచిదే. ఆరనియ్యి."

వాళ్ల గోడకూ మోకాలెత్తు తడి ఉంది. నాయిన దాన్ని చూశాడు, ఇచ్చిన మజ్జిగ తాగాడు, బస్సెక్కాడు. అక్కకు అక్కడే ఆడపిల్ల పుట్టింది, బతికింది. నాయిన చివరిదాకా వేరేవాళ్ల ఇంట్లో కూలి మగ్గం నేశాడు.

మా గద్వాల ఇల్లు ఇప్పుడు తమ్ముడిది. వీధిలో మగ్గం చప్పుడు లేదు, గడపల్లో కండెలు చుట్టే ముసలమ్మలు లేరు, మట్టిగోడలు పోయి ఇటుక గోడలొచ్చాయి. పోయినేడు టైల్స్ వేయిస్తుంటే, ఒకచోట నేల కుంగిందని పనివాడు కాలితో తట్టాడు.

"ఈడ ఏముండె పెద్దాయనా?"

"సంస్థానం రాజులు దాచిన బంగారం" అన్నాను. గబుక్కున గడ్డపార అందుకున్నాడు.

"ఉత్తదే తమ్మీ. మా నాయిన కాళ్లు పెట్టుకునే గుంట. మట్టి తప్ప ఏం లేదు."

నమ్మలేదు. మోచేతి లోతు తవ్వి, పిడికెడు తీసి పిసికి, వేళ్ల సందుల్లోంచి రాలనిచ్చాడు.

"ఒట్టి పొడి పెద్దాయనా. నీళ్లు కొడితెగాని గట్టిపడదు."

కొట్టమన్నాను.