సింహాచలం అన్న కట్టిన పట్టిక

ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఏళ్లయింది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్పేస్తాను. జాలి మాత్రం పడకండి. ఒళ్లు మండుతుంది.

బర్మాలో, యాంగోన్‌లో మేం ఇద్దరం, నేనూ, సేక్కాన్ రేవులో గుమాస్తాగా చేసి మానేసిన సింహాచలం అన్నా, విదేశీ వంశవృక్షాల వెబ్‌సైట్ ఒకదానికి పనిచేసేవాళ్లం. పాత జర్మన్ ప్రాంతాలను విభాగాలుగా విడదీసి పేర్లు పెట్టాలి. ఒకే ఊరు తాత కాలంలో ప్రష్యా, మనవడి కాలంలో పోలండ్. ఏ పేరు కింద చేర్చాలి? నాకు తోచలేదు. దారి చూపింది అన్నే. తన తాత బర్మా వచ్చినప్పటి కాగితంలో గంజాం, మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉందట, ఇప్పుడది ఒడిశా. మనిషి పుట్టిన నాటి పేరే రాయాలి, ఇప్పటి పేరు పక్కన ఉంచాలి అన్నాడు. అలా ఎనిమిది నెలలు కూర్చుని ఊరూరికీ పట్టిక కట్టాడు.

అంతలో సైన్యం అధికారం లాక్కుంది. అన్న నిరసన ఊరేగింపులోకి వెళ్లాడు. నేను తలుపేసుకున్నాను. అతన్ని ఇన్సేన్ జైల్లో పెట్టారు. ఇంటర్నెట్ ఓ పూట ఉంటే మూడు పూటలు లేదు. ఉన్న ఓ పూట ఆ పట్టికను పంపేశాను, నా ఒక్కడి పేరుతో. జైల్లో ఉన్నవాడి పేరు రాస్తే ప్రమాదమని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరికి ప్రమాదం? పేరు లేకుండా పంపొచ్చుగా? వాళ్లు మెచ్చుకుని నన్ను ఆ విభాగానికి పెద్దను చేశారు. సిగ్గులేకుండా పొంగిపోయాను.

రెండేళ్లకు అన్న వచ్చాడు, సగం మనిషై. టీకొట్టులో కూర్చోగానే అడిగాడు.

"తమ్ముడూ, నా పట్టిక ఏటయింది?"

"నెట్ తీసేశారు కదన్నా. అంతా పోయింది."

"పోతే పోనీ. నువ్వు బాగున్నావు, సాలు. మల్లీ మొదలెట్టేద్దాం."

నిజంగానే మొదలుపెట్టాడు. నోటుబుక్కులో, గుర్తున్న ఊళ్లన్నీ. నేను పక్కన కూర్చుని పెన్సిల్ చెక్కి ఇచ్చాను. థూ! ఏ క్షణంలోనైనా నోరు విప్పి ఉండొచ్చు. విప్పలేదు. సైలీషియా ప్రాంతం ఊళ్లు సగంలో ఉండగా జ్వరమొచ్చి పోయాడు.

సైన్యాన్ని తిట్టడం నాకు బాగా వచ్చు. అందరితో కలిసి గొంతు చించుకుని తిట్టాను కూడా. కానీ అతని చివరి నెలలు కాజేసింది యూనిఫారం వేసుకున్నవాడు కాదు.

క్షమించమని అడగడానికి అన్న లేడు, మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. ఆ పట్టిక సింహాచలం అన్నది. నేను దొంగిలించాను. ఇంత రాశాక, గొంతు కొంచెం వదులైంది.