చుక్క కారని తొట్టిలో చేప ఎందుకు చచ్చింది: పలాస నుంచి బారువ, టెక్కలి ఒక రోజు

నేను కట్టిన ఎనిమిదడుగుల ప్లైవుడ్ తొట్టి చుక్క నీరు కారలేదు. అందులో వదిలిన చేప మాత్రం తెల్లారేసరికి వెల్లకిలా తేలింది. ఈ ప్రయాణానికి కారణం అదే. ఇంట్లో నీలం డ్రమ్ములో ఇంకో ఐదు ఆస్కార్ చేపలున్నాయి. బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చాను, ఇప్పుడు ఒక్కోటి అరచేయి దాటింది. తిరగడానికి చోటు లేక ఒకదాని రెక్కలు ఒకటి కొరుక్కుంటున్నాయి. అంత పెద్ద గాజు తొట్టి కొనడం నా వల్ల కాదు. అందుకే మూడు వైపులా చెక్క, ముందు చెక్కలో కోసిన కిటికీకి ఒక్కటే అద్దం, కుడి చివర అడ్డుపలకలు పెట్టి లోపలే వడపోత గది, ఇలా నేనే కట్టుకున్నాను. నీరు మొదటి పలక మీంచి పొర్లి, రెండోదాని కింద నుంచి దూరి, చివర చిన్న మోటారు ద్వారా మళ్ళీ చేపల దగ్గరికి వస్తుంది.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర నా పని. వడ్రంగం ఎవరూ నేర్పలేదు, చెక్కలు పాడుచేసి నేర్చుకున్నాను. కాశీబుగ్గలో ఒక దుకాణంవాడు నీళ్ళలో నానినా ఏం కాదని చెప్పి ఇచ్చిన ప్లైవుడ్ ముక్కని, జీడిపిక్కలు ఉడికే ఆవిరిలో ఒక షిఫ్టంతా వేలాడదీశాను. సాయంత్రానికి ఉల్లిపాయలా పొరలు విడిపోయింది. తీసుకెళ్ళి వాడి కౌంటర్ మీదే పెట్టి వచ్చాను. రెండో దుకాణం ముక్క తట్టుకుంది, ఆ రకమే కొన్నాను. అక్కడిదాకా బుర్ర పనిచేసింది. చెక్క నీరు తాగకుండా ఏం పూయాలని అడిగితే ఫ్యాక్టరీలో అందరూ ఒకటే చెప్పారు, జీడి తొక్కల నుంచి తీసే నల్ల నూనె. ఈ తీరంలో కర్ర తెప్పలకి అదే పూస్తారు. లోపలివైపు మూడు పూతలు వేశాను. ఆరిన తర్వాత, అద్దం కోసం కోసిన కిటికీ కింది అంచుదాకా నీళ్ళు పోసి ఒక చేపని వదిలాను. ఏమైందో చెప్పాను కదా. నాకు తప్పుడు మాట చెప్పింది ఎవరో తేల్చుకోవాలనిపించింది. తెప్పల సంగతి తెప్పలవాళ్ళనే అడగాలి.

బాయిలర్ మరమ్మతు అని సెలవిచ్చిన బుధవారం పొద్దున్న ఐదున్నరకి బండి తీశాను. తొట్టి నుంచి ఊడదీసిన ఒక చిన్న పలకని గోనెసంచిలో చుట్టి వెనక కట్టాను. హైవే మీద హరిపురం దాటి, సోంపేట దగ్గర సముద్రం వైపు తిరగాలి. గంటంబావు ప్రయాణం. రానుపోను రెండు వందల పెట్రోలు సరిపోతుంది. సోంపేట దాటాక కొబ్బరితోటల మధ్య ఒక బడ్డీ దగ్గర టీకి ఆగాను. టీ కాచే ఆవిడ సంచి వైపు చూసింది.

“ఏటి బాబూ అది, బల్లా?”

“చేపల తొట్టి చెక్క. నీళ్ళు శుభ్రం చేసే పిల్టరు కూడా అందులోనే కడతన్నాను.”

“మాది కవిటి. మా ఊల్లో నీల్లకి కిడ్నీలు పోతన్నాయని టీకి కూడా కేన్ నీల్లే పోత్తన్నాను. నీ పిల్టరు మనుసులకి పని సేత్తాదేటి?”

“చెయ్యదు పిన్నీ. చేప పెంట వడగడతాది, అంతే. నీళ్ళలో కరిగిపోయిందాన్ని తియ్యలేదు.”

“పోన్లే. సేపలైనా బాగుండనీ” అంది. టీకి పది రూపాయలు తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు. మిగిలిన దారంతా ఆ మంటతోనే బండి నడిపాను.

బారువ ఒడ్డుకి ఏడింటికి చేరాను. అప్పటికే కొన్ని తెప్పలు తిరిగొచ్చాయి. ఫైబరు బోట్లకి అతుకులు వేసే మనిషి ఎవరని అడిగితే తాతారావు మావని చూపించారు. యాభై దాటిన మనిషి, బోర్లించిన బోటు పక్కన కూర్చుని దాని అడుగుని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. పలక చేతికిచ్చాను. వాసన చూశాడు.

“జీడి నూని పూసినావు. బాగా పూసినావు. నీరు కారిందేటి?”

“లేదు మావా.”

“మరేటి ఏడుపు?”

“అందులో చేప సచ్చిపోనాది.”

అతను పక్కన వల కుడుతున్నవాళ్ళ వైపు తిరిగాడు. “ఒరే, ఈడ్ని సూడండ్రా. తెప్పలో సేప సచ్చిపోనాదని పలాస నుంచి వొచ్చినాడు.”

వాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. పలక లాక్కుని వెళ్ళిపోదామనుకున్నాను. తాతారావు మావ వదల్లేదు.

“కూకోరా. తెప్ప ఎక్కిన సేప సావడానికే ఎక్కుతాది. ఆ నూని మేం పూసేది నీరు కారకుండా ఒక్కటే కాదు, కర్ర తొలిసే పురుగు సావాలని. పురుగుని సంపేది సేపని వొగ్గేత్తాదేటి? ఏదీ, నీ సేతులు సూపించు.”

చూపించాను. పూత వేసినప్పుడు అంటిన నూనెకి వేళ్ళ మీద చర్మం ఇంకా పొరలుగా లేస్తోంది.

“నీ తోలే ఊడిపోనాది. సేప మొప్ప ఎంత పల్సన?”

రోజూ ఆ తొక్కల మధ్య పనిచేసేవాడిని. ఆ నూనె చేతులు కాలుస్తుందని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. అయినా తట్టలేదు. దాని మీద ఫైబరు బోట్లకి వాడే రెజిన్ జిగురు పూసేస్తే సరిపోతుందా అని అడిగాను. నూనె మీద రెజిన్ పట్టదని, పెచ్చులుగా ఊడొస్తుందని చెప్పాడు. అంటే రెండు నెలల పని, మూడు పెద్ద షీట్లు పొయ్యిలోకే. డ్రమ్ములో చేపలు ఇంకో రెండు నెలలు ఆగవు. ఆ మాటే అన్నాను, కాస్త గట్టిగానే. అతను పలకని తిరగేసి, పూత లేని వైపు బొటనవేలితో రుద్దాడు.

“బయటేటి పూసినావు?”

“ఏమీ పుయ్యలేదు.”

“మేకులు కొట్టినావా, మరలు బిగించినావా?”

“మరలే.”

“మరేటి ఏడుపు? ఇప్పి, తిరగేసి బిగించు.”

పూత లేని వైపు లోపలికొస్తే దాని మీద రెజిన్ పడుతుంది. చెక్కకి రెండు వైపులుంటాయని నాకు ఎనిమిదో ఏట నుంచి తెలుసు.

రెజిన్‌లో చేప బతుకుతుందని నమ్మకమేమిటని మాత్రం అడిగాను. ఒకసారి కాలింది కాబట్టి అడగాలి. అతను లేచి ఒక ఫైబరు తొట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలకి అమ్మే తల్లిరొయ్యల్ని సముద్రం నుంచి ప్రాణంతో అందులోనే తెస్తారట. “తల్లిరొయ్య కన్నా సుకుమారమైంది ఏదుందిరా? అయితే వాసన పూర్తిగా పోయేదాకా ఆగాల” అన్నాడు. తర్వాత గంటసేపు పని చూపించాడు. ఫైబరు గుడ్డ పదునైన మూలలో కూర్చోదు, కింద గాలి బుడగ మిగిలి అక్కడే కారుతుంది. అందుకే రెజిన్‌లో రంపపు పొట్టు కలిపి, మూలని గరిటె వీపుతో గుండ్రంగా దిద్దాలి. సముద్రపు గాలి లేవకముందే పూత ముగించాలి. ఒక డబ్బా రెజిన్, గుడ్డ అసలు ధరకే ఇచ్చాడు. పనికిరాని నైలాను వల ఒక మూట ఊరికే ఇచ్చాడు. ఉప్పు పోయేదాకా ఉతికి వడపోత గదిలో కుక్కితే, చేప పెంటని తినే సూక్ష్మజీవులు ఆ పోగుల మీదే కాపురం పెడతాయి.

తొమ్మిదిన్నరకి బయల్దేరి, పలాసలో సామాను దింపి, పన్నెండింటికి టెక్కలి చేరాను. పలాస నుంచి ముప్పావుగంట కూడా పట్టదు. పన్నెండు మిల్లీమీటర్ల అద్దం పలాసలో దొరకలేదు. టెక్కలి దుకాణంలో అద్దం కోసే కుర్రాడు నా వయసువాడే. ధర చెప్పకముందే అడిగాడు, “నీరు ఎంత ఎత్తు నిలబడతాది బావా?” రెండడుగులన్నాను. “అద్దం ఏవైపు నుంచి బిగిత్తావు?” లోపల నుంచి, నీరే దాన్ని చెక్కకి అదుముతుందని చెప్పాను. “అది తెలిసినోడివి బాగుపడతావులే” అన్నాడు. అద్దానికి గడ్డి చుట్టి, పలాసకి ఖాళీగా తిరిగెళ్తున్న గూడ్స్ ఆటోలో ఐదు వందలకి ఎక్కించాను. నాలుగున్నరకి ఇంట్లో ఉన్నాను. చీకటి పడేలోపు మరలన్నీ విప్పేశాను.

ఆ తొట్టి ఇప్పుడు బయట నల్లగా, లోపల తేనెరంగులో ఉంది. వాసన పోవడానికి పది రోజులు, నీళ్ళు పోసి పారబొయ్యడానికి ఇంకో పది రోజులు పట్టింది. ముందు ఒక్క చేపనే వదిలాను, అన్నిటికన్నా ఎక్కువ రెక్కలు తెగినదాన్ని. పొద్దున్న ముందు డ్రమ్ములో చేపలకి మేత వేసి, తర్వాతే తొట్టి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేసరికి మోటారు నీరు పడే చోట ఎదురీదుతోంది. సాయంత్రానికి మిగతా నాలుగూ వచ్చేశాయి. నాకు ఎవరు అబద్ధం చెప్పారో తేల్చుకుందామని బయల్దేరాను. నూనె విషయంలో ఎవరూ చెప్పలేదు. నీరు కారకుండా ఏం పూయాలని అడిగాను, దానికి సరైన జవాబే ఇచ్చారు. చేపల కోసమని నేను ఒక్కసారీ అనలేదు. మొదటి చేప ఆ లెక్కలో పోయింది. దానికి కోప్పడటానికి నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు.

బారువ వెళ్ళేవాళ్ళు ఏడింటికల్లా ఒడ్డున ఉండండి, ఎండ ముదిరాక అతుకులు వేసేవాళ్ళు దొరకరు. మీ చెక్క ముక్క వెంట తీసుకెళ్ళండి, లోపల ఏం బతకాలో అన్నిటికన్నా ముందు చెప్పండి.