ఆరు కాళ్లు

మొన్న మా మనవరాలి జీవశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే, పుట్టగొడుగు మొక్క కాదని, దాన్ని వేరే వర్గంలో పెట్టారని కనబడింది. మన కాలంలో చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రాణమున్నదేదైనా అయితే మొక్క, లేకపోతే జంతువు, అంతే. పుట్టగొడుగునూ బూజునూ మొక్కల కిందే రాసి మార్కులు తెచ్చుకున్నాం, సైన్సు టీచరునయ్యాక నేను పిల్లల చేత కూడా అలాగే రాయించాను. ఆ మాట చెబితే మనవరాలు నవ్వి, "అయితే తప్పు చెప్పావన్నమాట అమ్మమ్మా" అంది. అప్పటికి తెలిసింది అంతేనే అని సర్దిచెప్పాను గానీ ఆ పూటంతా మనసు మనసులో లేదు, ఎందుకంటే నేను నిజంగా చెప్పిన తప్పు పుట్టగొడుగు గురించి కాదు.

దర్శి దగ్గర మా ఊళ్లో బీయస్సీ చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఉద్యోగం కూడా మా ఊరి హైస్కూల్లోనే వచ్చింది, అక్కడున్న ఒకే ఒక్క మైక్రోస్కోపును నేను తప్ప ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని హద్దు పెట్టేటంత పొగరు కూడా దాంతోపాటే వచ్చింది. ఆ ఏడు మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, సొంత రెండెకరాలకు తోడు మరో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. ఆయన వ్యవసాయం నిలవడమో పోవడమో ఆ పంట మీదే ఉంది. పూతకు ముందే ఆకు ముడుచుకోవడం మొదలైంది. మా వైపు మిరప రైతులెవరినడిగినా చెబుతారు, ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, దేని మందు దానిదే. పిన్ని చేలో ఆకు చూస్తూనే, "కిందకి ముడుచుకుందిగా, ఇది నల్లేనయ్యా, గంధకం కొట్టించు" అంది. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉండగా మనకెందుకీ ఊహలని బాబాయి కొమ్మలు తుంచుకుని నేరుగా స్కూలుకు వచ్చేశాడు.

పురుగుకు ఆరు కాళ్లు, నల్లికి ఎనిమిది. నల్లి అసలు పురుగుల జాతే కాదు, సాలీడుకు చుట్టం. ఇది నాకు కంఠతా వచ్చు. మైక్రోస్కోపు కింద రెండు మూడింటిని చూశాను, అన్నిటికీ ఆరేసి కాళ్లే ఉన్నాయి. మరీ చిన్నవిగా ఉంటే ఇంకా ఎదగని తామరపురుగులు కాబోలు అనుకున్నాను, మరో ఆకు తీసి చూద్దామని కూడా తోచలేదు. తామరపురుగేనని చెప్పి, ఆకు వంపును బట్టి పోల్చడం శాస్త్రం కాదని నలుగురిలో పిన్నికి పాఠం కూడా చెప్పాను.

బాబాయి ఆ మందే కొట్టాడు, తగ్గకపోతే మళ్లీ కొట్టాడు. నెల తిరిగేసరికి చేలో చిగురన్నది లేదు. కౌలు వదిలేసి, ఉన్న రెండెకరాలూ అమ్మేసి, చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు. పిన్ని సామాను సర్దుకుని ఆయన వెంట వెళ్లింది. బాబాయి మాత్రం మందు కల్తీదని కొట్టువాడితో పోట్లాడి, బతికినన్నాళ్లూ మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు.

రెండేళ్ల తరవాత టీచర్ల శిక్షణ తరగతుల్లో ఒక లెక్చరరు గారు మాటల మధ్య అన్నారు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన నల్లిపిల్లకు ఆరు కాళ్లే ఉంటాయని, పెరిగాకే ఎనిమిదవుతాయని. నేను ఆ రోజు చూసినవి నల్లిపిల్లలేనన్నమాట. ఆ ఆదివారమే బస్సెక్కి మిల్లుకు వెళ్లాను.

బాబాయి జుట్టు నిండా దూది నూగుతో బయటికొచ్చి, తోటివాళ్లందరినీ పిలిచాడు. "మా అన్న కూతురు. అద్దంలో చూసి ఏం పురుగో ఇట్టే చెప్పుద్ది. ఆ కొట్టోడు కల్తీ మందు ఇవ్వబట్టి గానీ, ఈ పిల్ల మాట పొల్లుపోదు" అన్నాడు. టీ ఇప్పించాడు. ఏదో పనిమీద వచ్చినట్టున్నావని అడిగితే, ఏం లేదు, ఊరికే చూసి పోదామనొచ్చానన్నాను.

ఇప్పుడు మా ఊరి రైతులు ఆకు ఫొటో ఫోనులో పంపుతున్నారు, ఒకరు తప్పు చెబితే సాయంత్రానికల్లా ఇంకొకరు దిద్దుతున్నారు. అప్పట్లో ఊరంతటికీ నా మాటే ఆఖరి మాట. బాబాయి పోయి చాలా ఏళ్లయింది, ఏ పాపమూ ఎరగని ఆ కొట్టువాడూ పోయాడు. నిజం చెబితే బాబాయి తిడతాడని భయపడ్డాననుకోకండి. తిట్టడు, "పోన్లే అమ్మాయ్" అంటాడు, అంతే. ఆ మాట వినే ధైర్యం నాకు లేకపోయింది.