తలుపు ముందు పన్నెండు జతల చెప్పులు

నాకు కీళ్లవాతం వచ్చి తొమ్మిదేళ్లయింది. అది పోయేది కాదు, చంపేదీ కాదు. అద్దె కట్టకుండా తిష్ఠ వేసినవాడిలా ఉంటుంది, ఖాళీ చేయించలేం. మాత్రలతో పాటు డాక్టరుగారు రాసిచ్చిన మందు ఇంకొకటుంది: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా పడక. పడుకున్నానా, మర్నాడు పొద్దున నా చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటాను. పడుకోలేదా, మా ఆవిడ పెడుతుంది. బడి మొహం చూడకపోయినా, ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చుతూ, వాటిని తిరగేసి చదువుతూ చదువు నేర్చుకున్నవాణ్ని. ఆ వేళ్లు ఇవాళ గుండీ దగ్గర ఓడిపోవడమేమిటి? అందుకే ఆ రెండు గంటలూ నాకు ఆస్తి.

ఆ ఆస్తిని దోచుకోవడానికి బెజవాడలో పరామర్శ అని పేరు. వచ్చేవాళ్లు సరిగ్గా ఒంటిగంటకే వస్తారు. పొద్దున వాళ్లకి పనులు, సాయంత్రం సీరియళ్లు. రోగికేం, ఎప్పుడూ ఖాళీయే! చేతిలో బత్తాయిలు, నోట్లో వైద్యం. ఒకాయన వావిలాకు కట్టమంటాడు, ఒకావిడ వంకాయ మానమంటుంది. వెళ్తూ వెళ్తూ "చూడ్డానికి నిక్షేపంలా ఉన్నారే!" అని అనుమానంగా ఒక చూపు. మూడు దాటాక రమ్మని చెప్పి చూశాను. "అయ్యో, మీరు పడుకోండి, మేం ఊరికే కూర్చుంటాం" అన్నారు. కూర్చున్నారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు.

మొన్న వేసవిలో మా ఆవిడ గన్నవరంలో వాళ్ల అక్కని చూడ్డానికి వెళ్లిన రోజున నాకో ఉపాయం తట్టింది. మనవాళ్లు గుమ్మం ముందు చెప్పులు చూడందే లోపలికి రారు. ఎక్కువుంటే కుర్చీ దొరకదని వెనక్కి తిరుగుతారు. మెట్ల కింద నేను పారెయ్యని పాత చెప్పులున్నాయి, తెగినవీ అరిగినవీ కలిపి పన్నెండు జతలు. అన్నీ తీసుకొచ్చి, జనం విడిచినట్టే అడ్డదిడ్డంగా పడేశాను. ఆలస్యంగా వచ్చినవాడివి అన్నట్టు ఒక జత కాస్త దూరంగా పెట్టాను. తలుపేసి, ఫోన్ ఆపి పడుకున్నాను. ఏం నిద్రండీ అది!

రెండున్నరకి బయట ఎవరో ముక్కు చీదిన చప్పుడు. తలుపు తీశాను. పై వాటా వాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎదురింటావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అందరికీ ముందు మా ఆవిడ అన్నగారు, అంటే నాకు బావ, ఉయ్యూరు నుంచి దిగి ఉన్నాడు. చేతిలో గజం పొడుగు బంతిపూల దండ.

నన్ను చూడగానే దాన్ని వీపు వెనక్కి దాచాడు.

"బావా... ఉన్నావా?"

"ప్రస్తుతానికి. చేతిలో ఏంటది?"

"ఏం లేదులే."

"ఏం లేనిది వాసనొస్తోందే! నాకేనా?"

ఎదురింటావిడ అందుకుంది. "అది కాదు బాబాయిగారూ! ఇన్ని చెప్పులు, తలుపేసుంది, టీవీ చప్పుడు లేదు. మీ ఫోన్ చూస్తే స్విచాఫ్. తలుపు కొడదామంటే భయమేసిందండీ. పిన్నిగారికి నేనెలా చెప్పను? అందుకని వాళ్ల అన్నయ్యగారికి చేశా."

బావ చెప్పులకేసి చూశాడు. "మరి ఇవెవరివి?"

"నావే."

"పన్నెండు జతలూనా?"

"కాళ్లు రెండేగానీ బావా, వయసు డెబ్బై నాలుగు" అంటూ నా ఉపాయం చెప్పాను.

"బస్సులో నిలబడి, ఏడుపు ఆపుకుంటా వచ్చానయ్యా! పడుకోడానికి ఇన్ని వేషాలా?"

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్ల కిందట నేను రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే, "పగలు పడుకునే మగాడు ఇంటికి చేటు" అని నలుగురిలో అన్నది ఈ బావే. అది అక్కడికక్కడే అప్పజెప్పాను, ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో దానితో సహా. బావ దండని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

సాయంత్రం మా ఆవిడ వచ్చి సంగతంతా విని, ముందు మా ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. తర్వాత "పూలేం పాపం చేశాయి" అంటూ దండని దేవుడి పటానికి వేసింది. రాత్రికి అన్నగారిని ఉండిపొమ్మంది.

మర్నాడు పొద్దున నా వేళ్లు బెండకాయల్లా బిగిశాయి. అరగంట నిద్ర తగ్గితే అంతే మరి. మా ఆవిడ నిలబడి ఒక్కొక్క గుండీ పెడుతుంటే బావ కాఫీ గ్లాసు పట్టుకుని చూశాడు. తొమ్మిదేళ్లలో అది చూడ్డం ఆయనకదే మొదలు. కాఫీ చల్లారిపోయింది.

ఒంటిగంట కాగానే కుర్చీ తీసుకెళ్లి గుమ్మం బయట వేసుకున్నాడు. నిద్ర పట్టేముందు వినబడింది: "మనిషి కులాసానే. పడుకున్నాడు. మూడింటికి రండి. ఆ బత్తాయిలు ఇలా ఇవ్వండి."

వారం రోజులు అలాగే కాపలా కాశాడు. బత్తాయి ఒక్కటి నాదాకా రాలేదు. ఐదో రోజు పొద్దున అద్దం ముందు నిలబడి కింది నుంచి మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మెడ దగ్గరిది మొరాయించింది. వెనక నుంచి బావ గొంతు సవరించుకున్నాడు.

"ఆ పైది వదిలెయ్ బావా. ఉక్కగా ఉంది."

నలభై ఏళ్లుగా ఆయన ఇచ్చిన సలహాల్లో నేను పాటించింది అదొక్కటే.