సున్నపు చంద్రవంక

కోట మీదికి తన యంత్రంతో విసిరే ప్రతి రాయినీ తుగ్రల్ ముందు అరచేతులతో పసిబిడ్డను నిమిరినట్టు నిమిరి, దాని మీద సున్నంతో చంద్రవంక గీసేవాడు. పక్క యంత్రం నడిపే అర్సలాన్ తన దెబ్బను ఎక్కడ కాజేస్తాడోనని అతని బాధ. సుల్తాను కోట తర్వాత కోట గెలుస్తూనే ఉన్నాడు గానీ, కిందటి కోట పడ్డప్పుడు బహుమానపు జరీ అంగీ మాత్రం అర్సలాన్‌కే ఇచ్చాడు. అప్పటినుంచీ అర్సలాన్ గుడారంలో ఉడికే మాంసం వాసన కూడా తుగ్రల్‌కు గిట్టదు. గోడ మీద ఏ మూల దుమ్ము లేచినా గడ్డం దువ్వుకుని "అది నాదే" అనేవాడు.

"పిడుగు పడినా నీదేనంటావురా నువ్వు!" అని అర్సలాన్ నవ్వేవాడు.

"నీ రాళ్లు కాకుల్ని తోలడానికి పనికొస్తాయిలే, పో."

ఈ కోటా పడింది. సుల్తాను ఏనుగు ఇంకా ద్వారం దాటకముందే తుగ్రల్ తన దెబ్బలు చూసుకోవడానికి లోపలికి పరుగెత్తాడు. అర్సలాన్ వెంటపడ్డాడు. కూలిన గోడ దగ్గర చంద్రవంక రాయి ఒక్కటీ లేదు. ఒకటి మాత్రం వెనక సందులో ఉంది. కప్పు విరిగిపడిన వంటింట్లో, నలిగిన పొయ్యి మీద, సున్నపు గీత చెదరకుండా ఉంది. పక్కన ఒక ముసలమ్మ చిన్నపిల్ల గాజులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రాయి పడ్డప్పుడు నా మనవరాలు రొట్టె కాలుస్తోంది నాయనా. ఎవరిదీ రాయి?"

తుగ్రల్ చెయ్యి అలవాటుగా గడ్డం దాకా వెళ్లి ఆగింది. వెనక నిలబడ్డ అర్సలాన్ వైపు వేలు చూపించి, "ఇతనిది" అన్నాడు.