సహాయ నిరాకరణకు ముఖ్య అతిథి

2006 డిసెంబరులో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. మరుసటి ఏడాది రాజధాని సువాలోని ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను సీనియర్ శిక్షకుడిగా తీసుకుని పక్కనున్న నసీను పట్టణానికి పంపింది. కుట్రదారుల మీద చెయ్యెత్తకుండానే వాళ్ల పని సాగకుండా చేయడం ఎలాగో సర్కారు ఆఫీసుల ఉద్యోగులకు నేర్పాలి. మా వృత్తిలో దీన్ని పౌర సహాయ నిరాకరణ అంటాం. పేరు ఘనం, పాఠం చిన్నది: అడిగినవాడి పేరూ హోదా అడగాలి, రాతపూర్వకమైన ఉత్తర్వు లేనిదే కాగితం ముక్క కూడా ఇవ్వకూడదు. బయటికి మాత్రం "పౌర విద్య" అని చెప్పుకున్నాం.

తరగతులు పెట్టిన హాలు మా ఫిజీ తెలుగు సంఘానిది. అధ్యక్షులు సుబ్బయ్యగారికి వేదిక కనిపిస్తే దండ వేయడానికి ఒక మెడ కావాలి. "మాస్టర్‌జీ, చీఫ్ గెస్ట్ లేకపోతే ఫంక్షన్ కైసే హోయీ, ఎలా జరుగుతుంది?" అన్నారు. ఇది ఫంక్షన్ కాదంటే ఆయన చెవికెక్కలేదు. రెండో రోజు ఉదయం పాఠం మధ్యలో ఒక సైనికాధికారిని వెంటబెట్టుకొచ్చారు. కుట్రను ఎదిరించే తరగతికి కుట్ర చేసినవాళ్ల మనిషే ముఖ్య అతిథి! బంతిపూల దండ వేసి జ్యోతి వెలిగించమన్నారు. నా విద్యార్థులు ఇరవై మందీ లేచి చప్పట్లు కొట్టారు.

సుబ్బయ్యగారిని చూసి నవ్వే అర్హత నాకూ లేదు. అధికారి బల్ల మీదున్న హాజరు పట్టీ అడిగాడు. అందులో అందరి పేర్లూ, పనిచేసే ఆఫీసులూ ఉన్నాయి. పెట్టింది నేనే. ముప్పై ఏళ్లు సర్కారు శిక్షణ కేంద్రంలో పనిచేసినవాణ్ణి, హాజరు వేయందే నాకు నోరు పెగలదు. సావిత్రి అనే గుమాస్తా, ఉద్యోగం పోతే ఇద్దరు పిల్లలతో రోడ్డున పడతానని, తన పేరు రాయొద్దని మొదటిరోజే బతిమాలింది. ఊరికే లాంఛనమని సర్దిచెప్పి రాయించాను. ఇప్పుడు "యెస్ సర్" అంటూ అదే పట్టీని రెండు చేతులా అందించబోయాను.

సావిత్రి వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. అధికారి పేరూ హోదా అడిగింది. రాతపూర్వకమైన ఉత్తర్వు చూపిస్తే ఇస్తానంది. అతని దగ్గర లేదు. దండ తీసి కుర్చీలో పడేసి వెళ్లిపోయాడు.

అతిథికి మర్యాద చేయడం రాదా అని సుబ్బయ్యగారు ఆమె మీద మండిపడ్డారు.

"మర్యాద మీరు చేశారు కదా అంకుల్, చాలదా?" అంది.

పట్టీని ఇంటికి తీసుకెళ్లి తగలబెట్టింది. మిగతా పందొమ్మిది మంది ఉద్యోగాలు నిలిచాయి. ఆమె ఎవరో కనుక్కోవడం సైన్యానికి కష్టం కాలేదు. నెల తిరక్కముందే ఆమె ఉద్యోగం ఊడింది. శిక్షణ దిగ్విజయంగా ముగిసిందని సంస్థ నాకు మెచ్చుకోలు ఉత్తరం పంపింది. సిగ్గుపడుతూనే దాన్ని ఫైల్లో పెట్టుకున్నాను.

నాకు తెలిసొచ్చింది ఇది. లొంగి ఉండడం కూడా సాధనతో వచ్చే విద్యే. ముప్పై ఏళ్లు దాన్నే సాధన చేసినవాణ్ణి పిలిచి, ఎదిరించడం నేర్పమన్నారు.