వాన మాట ఎత్తని ప్రార్థన

క్రిస్మస్ పండుగ వెళ్లిన మూడవ వారంలో, గుంటూరు మిరపకాయల కొట్లకు సరుకు తోలుకొని వచ్చిన బండివాడొకడు మా వాకిట నిలిచి కబురు చెప్పాడు.

“మీ చెల్లెలుగారు ఒకసారి రమ్మన్నారండి. బావగారికి నాలుగు మాటలు చెప్పాలంట. ఇంకెవరు చెప్పినా వినడంట.”

“నేను చెబితే వింటాడా?”

“వినడంటండి. అయినా రమ్మన్నారు.”

నా చెల్లెలు కరుణమ్మను అద్దంకి దారిలోని ఒక పల్లెకు ఇచ్చాము. ఆ ఊరిలో మా క్రైస్తవ కుటుంబాలు పదిహేను వరకు ఉన్నాయి. గుడి అనదగిన కట్టడమేదీ లేదు. ప్రతి ఆదివారం దీపాలవేళ వంతువారీగా ఒక్కొక్క ఇంట చేరి ఆరాధించుకుంటారు. దానిని ‘కూడిక’ అంటారు. కూడికకు అక్కడొక కట్టుబాటు ఉన్నది. ఇంటి యజమాని స్వయంగా గడపగడపకు వెళ్లి పిలవాలి. పిలుపు రాని ఇంటికి, ఎంత ఆప్తులదైనా, ఎవరూ పోరు. మా బావ యేసురత్నం పోయిన ఏడు కూడిక పెద్ద దేవదానంతో తగవు పడి పిలవడం మానుకున్నాడు. ఇంతలో వానకాలంలో కరుణమ్మకు విషజ్వరం వచ్చి, చావు అంచుదాకా వెళ్లి బ్రతికింది. లేచి కూర్చున్ననాడు, తన ఇంటిలోనే కృతజ్ఞతా కూడిక పెట్టిస్తానని మొక్కుకొన్నది. మొక్కు ఆమెది, పిలవవలసిన నోరు ఆయనది. ఆ నోరు తెరిపించడానికి నేను ప్రయాణం కట్టాను.

శుక్రవారం ఉదయం ఏడు గంటల వేళ గుంటూరులో మీటరు గేజి బండి ఎక్కాను. మూడవ తరగతిలో కిటికీ వద్ద చోటు దొరకడం నా అదృష్టం. ఎదుటి బల్లమీద పత్తి బేరానికి పోతున్న ఒక సాయిబుగారు, తన కోడలు కట్టి ఇచ్చిన రొట్టెల మూట విప్పి, నేను తినేదాకా ఊరుకోలేదు. నా చేతిలోని నల్ల అట్ట పుస్తకం చూసి, “ప్రార్థన చెయ్యబోతున్నారా పంతులుగారూ?” అన్నారు.

“కాదండి. చేయించడానికి పోతున్నాను.”

“అయితే ఇంకో రొట్టె తినండి. అది కష్టమైన పని.”

రైలు మార్గానికి ఇరుప్రక్కలా నల్లరేగడి చేలలో పత్తి విచ్చి, తెల్లవారిన తరువాత కూడా వెన్నెల నిలిచిపోయినట్లు కనిపించింది. నడుమనడుమ మిరప కల్లాలు కుంకుమ ఆరబోసినట్లున్నవి. తొమ్మిది దాటాక నరసరావుపేటలో దిగాను. స్టేషను వెలుపలి హోటలులో ఇడ్డెనలు మేలు. కాఫీ మాత్రం వేడినీటికి దగ్గరి చుట్టం. అద్దంకి బస్సు పది గంటలకన్నారు గాని, నిండితే తప్ప అది కదలదు. ఆ వైపు పోదలచినవారు టికెట్టు కొనక ముందే చెట్టునీడ చూసుకోవడం మంచిది. పదకొండు గంటలకు కదిలి ఒంటిగంటకు నన్ను దారిమలుపులో దింపింది. అక్కడ, నా రాక ముందే తెలిసి, మా బావ ఎద్దుబండి కట్టుకొని నిలిచి ఉన్నాడు.

“రా బావా. నీ చెల్లెలు నిన్నెందుకు పిలిపించిందో నాకు తెలుసు. ముందే చెబుతున్నా, నేను పిలవను. ఇక సుఖంగా కూచో, గడ్డి మెత్తగా వేశాను.”

యేసురత్నం మాట కరకు, చేయి మెత్తన. దారి పొడవునా గుంత వచ్చిన ప్రతిచోటా ఎద్దులను నిదానింపజేసి, నా నడుము క్షేమం అడుగుతూనే ఉన్నాడు.

మరునాడు ఉదయం అతనితో కల్లానికి వెళ్లాను. మొదటి కోత కాయ నేలమీద పరచి ఉన్నది. అతడు కాలితో చాళ్లు తీసినట్లు కాయను తిరగవేస్తూ, తగవు సంగతి తానే ఎత్తాడు.

“పోయినేడు ఇదే రోజులు బావా. కూడిక మా ఇంట్లో. కాయ ఇట్టాగే కల్లంలో ఉంది. దేవదానం నా చాప మీద కూచున్నాడు, నా ఇంట్లో టీ తాగాడు, లేచి నిలబడి ఏం ప్రార్థన చేశాడో తెలుసా? ‘ప్రభువా, జొన్నలు ఎండిపోతన్నాయి, ఒక్క తడుపు ఇయ్యి’ అన్నాడు. నా ఇంట్లో! నా కాయ బయట ఉండగా!”

“వచ్చిందా?”

“తెల్లారేతలికి కల్లం చెరువైంది. కాయంతా మచ్చ పడింది.”

నాకు నవ్వు ఆగలేదు. అతడు నవ్వలేదు. అందుకని నేను గొంతు సవరించుకొని, క్షమాగుణాన్ని గురించి నాకు కంఠస్థమైన పద్యమొకటి, సమాసాలు విరిచి, భావం విప్పి చదివాను. యేసురత్నం పని ఆపి, తలపాగా తీసి, మర్యాదగా విన్నాడు.

“పద్యం బాగుంది బావా. కానీ కాయ ఎండదుగా.”

ఇంతలో కరుణమ్మ అన్నం గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. జ్వరంతో చిక్కిపోయిన మనిషి. జాకెట్టు చేతులు ఇంకా వదులుగానే ఉన్నవి. మాకు జొన్నన్నం, గోంగూర వడ్డించి, తాను ఒక ప్రక్కన కూర్చొని రంగు చెడిన తాలుకాయలు ఏరసాగింది. తరువాత తలెత్తకుండానే అన్నది:

“ఆ జ్వరంలో నేను పోయుంటే ఊరంతా మన ఇంటికి పిలవకుండానే వచ్చేది. దేవదానం అన్నే ముందొచ్చేవాడు. బతికినందుకు మాత్రం పిలిస్తేనే వస్తారంట. నాకు ఆ కట్టుబాటు అర్థంకావడం లేదు అన్నయ్యా, నువ్వు చదువుకున్నోడివి, చెప్పు.”

యేసురత్నం చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. లేచి, చేయి కడుక్కొని, తలపాగా దులిపి భుజాన వేసుకొన్నాడు.

“ఏం బావా, కూచుండిపోయావు? ఇళ్లన్నీ తిరగొద్దా?”

పదిహేను గడపలు తిరిగాము. ప్రతి ఇంటిలోనూ ఒకే మాట: “వందనాలయ్యా. రేపు దీపాలవేళకి మా ఇంట్లో కూడిక. అందరూ రండి.” అందరూ ఆశ్చర్యపడ్డారు గాని ఎవరూ కారణమడగలేదు. కడపటిది దేవదానం ఇల్లు. ఆయన అరవైయేండ్లు దాటిన మనిషి. సన్నని శరీరం, ఇంటికి మించిన కంఠం. అరుగుమీద పలుపు పేనుతూ ఉన్నవాడు మమ్మల్ని చూసి లేచి నిలిచాడు.

“వందనాలన్నా,” అన్నాడు యేసురత్నం. “రేపు మా ఇంట్లో కూడిక. ప్రార్థన నువ్వే చెయ్యాల.”

“చేస్తాను తమ్ముడూ.”

“వాన మాట ఎత్తమాక.”

“నేనెత్తకపోతే మాత్రం ఆయనకు తెలవదా?”

“ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. నువ్వెత్తమాక.”

లోపలినుండి దేవదానం భార్య నవ్వింది. “ఈయన ప్రార్థనకు వానొచ్చిందని నమ్మిన మనిషివి ఊళ్లో నువ్వొక్కడివే తమ్ముడూ. నేను కూడా నమ్మలా.”

ఆదివారం మధ్యాహ్నం భోజనమైన పిమ్మట నేను కునుకు తీసి లేచేసరికి, మా బావ కల్లంలోని కాయనంతా గోతాలకెత్తి ఇంటిలోకి చేరవేస్తూ ఉన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

“ఆదివారం పని చెయ్యవచ్చునా?” అన్నాను.

“ఇది పని కాదు బావా. జాగర్త.”

నడిమింటిలో నడుము ఎత్తున మిరపకాయ గోతాలు. వాటి చుట్టూ మిగిలిన జాగాలో చాపలు. దీపాలవేళకు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి లాంతరు వారిది. చెప్పులు అరుగు క్రింద వరుసగా నిలిచినవి. స్త్రీలు తలమీద కొంగు వేసుకొని ఒక ప్రక్కన, పురుషులు మరొక ప్రక్కన కూర్చున్నారు. కంజీర మ్రోగింది. పాట ఎత్తుకొన్నారు. పల్లవి సాగిందో లేదో, మూలనున్న ముసలమ్మకు దగ్గు వచ్చింది. అనుపల్లవిలో ఆ దగ్గు మగవారి వైపుకు ప్రాకింది. చరణంలో తాళం ఒక దారి, తుమ్ములు ఒక దారి. ఘాటుకు అందరి కళ్లనుండీ నీరు కారుతూ ఉన్నది. ఎవరూ పాట ఆపలేదు. ఛందస్సుతో జీవితం గడిపినవాడిని నేను. యతులూ ప్రాసలూ కుదిరిన పద్యాలెన్నో సభలలో విన్నాను. దగ్గుతూ, కళ్లు తుడుచుకొంటూ, పాట వదలని ఆ గొంతులలో ఉన్న కుదురు వేరు. అది నాకు నచ్చింది.

కరుణమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. “చచ్చిపోతాననుకున్నాను. పోలేదు. మీరందరూ మీమీ ఇళ్లల్లో నా పేరు ఎత్తి ప్రార్థన చేశారంట. ఇయ్యాళ నా ఇంట్లో చేస్తన్నారు. అంతే.” కూర్చొన్నది.

అప్పుడు దేవదానం నిలిచాడు. ఆ కూడికలో ప్రార్థన పేరుపేరున జరుగుతుంది. మనిషినీ గొడ్డునూ విడిచిపెట్టరు. ఇంటి యజమానిని, యజమానురాలిని, గుంటూరునుండి వచ్చిన పంతులుగారిని, ఎర్రెద్దును, మయిల ఎద్దును, ఈనబోతున్న గేదెను దేవుని చేతికి అప్పగించాడు. అప్పగించి ఆగాడు.

“తండ్రీ, ఇంకొక సంగతి ఉంది. అది నీకు తెలుసు, నాకు తెలుసు, ఇక్కడ కూచున్న అందరికీ తెలుసు. నేను మాటిచ్చాను గనక ఏమీ అనను.”

ఆమెన్ అనడానికి నోళ్లు తెరుచుకోలేదు. దేవదానం జొన్నచేను ఆ ఏడు కూడా ఎండుతున్నదని ఎరుగనివారు లేరు. అంతలో గోతాల ప్రక్కనుండి మరొక గొంతు వినిపించింది. పైకి నోరు విప్పి ప్రార్థించడం ఎన్నడూ ఎరుగని మనిషి, మా బావ.

“అయ్యా, ఆయన జొన్న ఎండతంది. నా కాయ ఇంట్లోనే ఉంది. ఇయ్యదలుచుకుంటే ఈ రాత్రికి ఇయ్యి. పొద్దున్నే మళ్లీ కల్లంలో పోసుకోవాల.”

ఒకరు నవ్వారు. ఆ నవ్వుకు దగ్గు తోడైంది. అందరూ కలిసి అన్న ఆమెన్‌లో ఏది నవ్వో, ఏది దగ్గో, ఏది ఏడుపో నాకు తెలియలేదు. కరుణమ్మ బెల్లపు టీ లోటాలతో వచ్చింది. మొదటి లోటా భర్త చేతికిచ్చి, దేవదానం వైపు కనుసన్న చేసింది. అతడు దానిని తీసుకొనిపోయి దేవదానం చేతిలో పెట్టాడు.

సోమవారం తెల్లవారింది. చుక్క వాన పడలేదు. యేసురత్నం వాకిట నిలిచి ఆకాశం వంక చూసి, “రమ్మన్నప్పుడు వాన రాదు చూడు,” అన్నాడు. ఆ మాటలో కొంత నిష్ఠూరమూ ఉన్నది. దేవదానం ప్రార్థనపై మా బావకున్న విశ్వాసం తన ప్రార్థనపైన కూడా ఉన్నదని అప్పుడే నాకు తెలిసింది.

నన్ను బస్సు దారికి దింపడానికి బండి కట్టాడు. అతని మిరపతోట దాటగానే పల్లపు వైపు దేవదానం జొన్నచేను. ఆకులు చుట్టుకొనిపోయి, గాలికి కాగితాలవలె గలగలలాడుతూ ఉన్నవి. బండి ఆపి దిగి, ఒక ఆకు త్రుంచి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“కాయ కోసి ఉంది గనక నా తోట రెండ్రోజులు ఓర్చుకుంటది. సాయంత్రం నించి మోట నీళ్లు ఇటు తిప్పుతాను. గట్టుకు గండి కొడితే చాలు.”

“దేవదానంతో ఒక మాట చెప్పవా?”

“నువ్వు కూడా చెప్పమాక బావా. తన ప్రార్థన వల్లే అనుకుంటాడు.”

దారిమలుపులో పది గంటల బస్సు ఆనాడు పదిన్నరకే వచ్చింది. అది ఆ మార్గంలో విశేషమే. నరసరావుపేటలో పెరుగన్నం తిని, మధ్యాహ్నపు రైలులో గుంటూరు దారి పట్టాను. ఉత్తరీయానికి మిరప ఘాటు ఇంకా అంటుకొని ఉన్నది. ప్రక్కనున్న రైతు రెండు మారులు తుమ్మి, నా వంక అనుమానంగా చూశాడు. ఎత్తైన శిఖరాలూ గంటలూ గల దేవాలయాలలో నేను ఎన్నోమారులు మోకరిల్లాను. అక్కడ పొరుగువాని చేను ఎండుతున్నదో తడుస్తున్నదో నాకు తెలిసేది కాదు. ఈ కూడికలో ఆ సంగతి ఎరుగకుండా ప్రార్థించడమే సాధ్యం కాదు.

“ఏ వైపునుంచండీ?” అని అడిగాడు ఆ రైతు.

“అద్దంకి వైపునుండి.”

“అక్కడేమన్నా వానలు పడ్డాయా?”

“లేదు,” అన్నాను. “కాని ఒక జొన్నచేను ఈ సాయంత్రం తడుస్తుంది.”